జైల్లో చేసిన కుర్చీ ఎవరు కొనాలి?

చంచల్‌గూడలో ఖైదీలు పనిచేసే జైలు శాఖ పెట్రోల్ బంకు ఉంది కదా. ఇష్టమైతే అక్కడ పోయించుకుంటాం, లేదంటే ఇంకో బంకుకి వెళ్తాం. అమెరికాలో లెక్క వేరు. అక్కడి ఫెడరల్ జైళ్ళలో తయారైన కుర్చీని మామూలు మనిషి కొనలేడు. ఫెడరల్ ఆఫీసులు మాత్రం చాలాకాలం తప్పనిసరిగా కొనాల్సి వచ్చేది.

ఎందుకిలా అంటే, 1930ల మాంద్యంలో బయటివాళ్ళకే పని లేదు. జైలు సరుకు చవగ్గా బజారుకొస్తే మా గతేంటని కంపెనీలూ, కార్మిక సంఘాలూ గొడవపెట్టాయి. అలాగని ఖైదీల్ని ఖాళీగా కూర్చోబెట్టలేరు. అందుకని 1934లో ఫెడరల్ ప్రిజన్ ఇండస్ట్రీస్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టారు. ఇప్పుడు యూనికార్ పేరుతో వ్యాపారం చేసేది అదే. అది బయట అమ్మకూడదు. ఫెడరల్ శాఖలేమో, కావలసిన వస్తువు దాని జాబితాలో ఉంటే ముందు దాని దగ్గరే కొనాలి.

దీంతో పోటీ పోయిందా? పోలేదు, చోటు మారిందంతే (ఒక బగ్ ఫిక్స్ చేస్తే ఇంకో ఫైల్లో ఎర్రర్ వచ్చినట్టు). సైన్యానికి యూనిఫాంలు కుట్టే చిన్న కంపెనీ ఉందనుకోండి. దాని పెద్ద కస్టమర్ ప్రభుత్వమే. తక్కువ ధరకి ఇస్తానన్నా, విషయం టెండర్ దాకా వెళ్తేగా! ఏ ఒక్క పరిశ్రమ మీదా మితిమీరిన పోటీ భారం పడకూడదని చట్టంలోనే ఉంది. ఎంతైతే మితిమీరినట్టో తేల్చడం దగ్గరే ఏళ్ళ తరబడి గొడవ.

2001 చివర్లో చేసిన చట్టంతో రక్షణ శాఖకి కొంత ఊపిరి దొరికింది. ధర, నాణ్యత, డెలివరీ టైం బయటివాటితో పోల్చి చూసుకోవచ్చు. 2018లో యూనికార్‌కి స్వచ్ఛంద సంస్థలకి కూడా అమ్మే వీలిచ్చారు, కానీ ఆఫీసు ఫర్నిచర్ తప్ప! ఫర్నిచర్ కంపెనీల బలం ఎంతో ఆ ఒక్క మినహాయింపు చూస్తే తెలుస్తుంది.

ఈ గొడవలో ఖైదీ కూలీ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. యూనికార్ ఇచ్చేది గంటకి 23 సెంట్ల నుంచి 1.15 డాలర్ల దాకా. కోర్టు వేసిన జరిమానాలుంటే అందులో సగం వాటికే పోతుంది. బయట ఫెడరల్ కనీస వేతనం 7.25 డాలర్లు.

నాకైతే 1979లో రాష్ట్రాల జైళ్ళ కోసం తెచ్చిన పద్ధతి నచ్చింది. ఆ పనికి బయట ఇచ్చే కూలీయే ఖైదీకీ ఇవ్వాలి, స్థానిక వ్యాపారులతో, కార్మిక సంఘాలతో ముందే మాట్లాడాలి. అప్పుడు సరుకుని పక్క రాష్ట్రాల్లోనూ అమ్ముకోవచ్చు, ఎవర్నీ బలవంతంగా కొనిపించక్కర్లేదు. అయితే పన్నులు, తిండి ఖర్చు, బాధితుల పరిహారం, ఇంటికి పంపేది కలిపి కూలీలో 80 శాతం దాకా కోసుకోవచ్చు. అన్యాయం అనిపిస్తుంది కదా? లెక్క వేసి చూడండి. 7.25లో 80 శాతం కోసినా చేతికి 1.45 డాలర్లు వస్తాయి. యూనికార్ ఇచ్చే గరిష్ఠ కూలీ కన్నా అదే ఎక్కువ.