చక్రమును పట్టియుంచు చేయి

2005వ సంవత్సరము మే 29వ తేదీన జర్మనీ దేశమునందలి నూర్బర్గ్‌రింగ్ పందెపు బాటపై మోటారుకార్ల పందెము జరిగెను. ఫిన్లండు దేశీయుడగు కిమి రైకోనెన్ తన మెక్‌లారెన్ కారులో అందఱికంటె ముందు పోవుచుండెను. పందెము నడుమ ఒక తావున బ్రేకు బిగిసి, ముందరి కుడిచక్రము దొర్లుట మాని బాటపై రాచుకొనుచు జాఱెను. టైరు ఒకచోట అరిగి చదునయ్యెను. ఆ యేటి నియమముల ప్రకారము సాధారణముగా ఒకే జత టైర్లతో పందెమును ముగింపవలసి యుండెను. చదునైన చోటు నేలను తాకినప్పుడెల్ల చక్రము అదరెను. చుట్టు చుట్టునకు ఆ అదురు హెచ్చెను. కడపటి చుట్టు మొదలై, తొలి మలుపు కొఱకు బ్రేకు వేసినంతనే, చక్రమును పట్టియున్న సస్పెన్షన్ విఱిగిపోయెను. కారు బాట విడిచి దూసికొనిపోయెను. నడుపువాడు క్షేమముగా దిగివచ్చెను గాని, గెలుపు స్పెయిన్ దేశీయుడగు ఫెర్నాండో అలోన్సోకు దక్కెను.

ఎద్దుబండిలో ఇరుసు బండికే గట్టిగా బిగింపబడి యుండును. చక్రము గోతిలో పడినచో బండి యంతయు కుదుపునకు లోనగును. కారున కిట్లు పనికిరాదు. దాని చక్రము పైకిని క్రిందికిని ఆడవలయును. ముందువెనుకలకు గాని ప్రక్కకు గాని జరుగరాదు. చక్రమును చట్రముతో కలిపి, ఈ విధముగా దానికి త్రోవ చూపు లోహపు చేతులే సస్పెన్షన్ ఆర్మ్‌లు. బరువు మోయుట స్ప్రింగు పని; త్రోవ తప్పనీయకుండుట ఆర్మ్ పని. పందెపు కార్లలో ఒక్కొక్క చక్రమునకు సాధారణముగా పైన నొకటి, క్రింద నొకటి ఆర్మ్‌లుండును. రెండు కాళ్లు చట్రము వైపు విడివడి, చక్రము వైపు ఒకచోట కలిసియుండుటచే దీనిని ఆంగ్లేయులు పక్షి ఱొమ్మెముకతో పోల్చి విష్‌బోన్ అని పిలిచిరి.

పెద్ద కంపెనీల కార్లకు ఆర్మ్‌లు కర్మాగారములలో అచ్చుపోసి వచ్చును. అయితే ఒక్క కారు కొఱకు ప్రత్యేకముగా ఆర్మ్‌లను చేసికొనువారును కలరు. ఇంగ్లండులో కాలిన్ చాప్‌మన్ 1957లో లోటస్ సెవెన్ అను తేలికపాటి కారును వెలువరించి, పన్ను భారము తగ్గునట్లు విడిభాగములుగా అమ్మెను. 1996లో రాన్ ఛాంపియన్ అను నాతడు అట్టి కారును తక్కువ సొమ్ముతో ఇంటనే నిర్మించుకొను పద్ధతిని పుస్తకముగా ప్రకటించెను. నాటినుండి ఎందఱో తమ ఇంటి షెడ్డులలోనే ఉక్కు గొట్టములను కోసి, వెల్డింగు చేసి ఆర్మ్‌లను తయారు చేసికొనిరి. మన ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులును పోటీల కొఱకు ఇట్టి పని చేయుచున్నారు. విఱిగినచో ప్రాణమునకే ముప్పు గదా! ఇంట చేసిన ఆర్మ్‌ను నమ్ముట యెట్లు?

మొదట దానిపై పడు బలము నెఱుంగవలయును. మలుపులో వెలుపలి ముందుచక్రమును నేల 250 కిలోల బలముతో లోపలికి నెట్టుచున్నదనుకొందము. క్రింది ఆర్మ్ నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తునను, పై ఆర్మ్ 40 సెంటీమీటర్ల ఎత్తునను చక్రమును పట్టియున్నవనుకొందము. అప్పుడు చక్రము గడ్డపాఱ వలె పనిచేయును. లెక్క వేసినచో పై ఆర్మ్ 150 కిలోల బలముతో లాగబడును. క్రింది ఆర్మ్ 400 కిలోల బలముతో నొక్కబడును. నేలవద్ద 250 కిలోలే యైనను క్రింది ఆర్మ్ మోయవలసినది అంతకంటె ఎంతో యెక్కువ. ఇక బ్రేకు వేసినప్పుడు ముందుకాలు లాగబడును, వెనుకకాలు నొక్కబడును. గోతులలో పడునప్పటి దెబ్బలు వీనికి తోడు.

లాగు బలమును సన్నని కడ్డీయైనను ఓర్చుకొనును. నొక్కు బలము అట్టిది కాదు. పొడవైన చీపురుపుల్లను రెండు కొనల పట్టి నొక్కినచో విల్లువలె వంగిపోవును. దానినే తుంచి చిన్నముక్కను నొక్కినచో వంగదు. పొడవు రెట్టింపైనచో వంగకుండ ఓర్చుకొను బలము నాలుగవ వంతున కిఱుగునని 18వ శతాబ్దమున ఆయిలర్ అను గణితవేత్త నిరూపించెను. అందుచేతనే ఆర్మ్‌లకు కడ్డీకి బదులు గొట్టమును వాడుదురు. 25 మిల్లీమీటర్ల వెడల్పును 2 మిల్లీమీటర్ల మందమును గల గొట్టము, అంతే బరువు గల 13.5 మిల్లీమీటర్ల కడ్డీకంటె వంగుటను దాదాపు ఆఱు రెట్లు ఎదిరించును. క్రోమియము, మాలిబ్డినము కలిపిన క్రోమోలీ ఉక్కును వాడినచో భయము లేదని కొందఱి నమ్మిక. అది సాధారణపు ఉక్కుకంటె గట్టిదే. కాని బిగువులో రెండును ఒక్కటియే గావున, పొడవైన సన్నని గొట్టము విల్లువలె వంగు విషయమున ఖరీదైన ఉక్కు చేయు మేలు స్వల్పము.

బలము గొట్టము పొడవునా తిన్నగా ప్రవహించునట్లు చేయుటలోనే అసలు నేర్పున్నది. స్ప్రింగు పాదమును గొట్టము నడుమ నిలిపినచో, కుదుపు కుదుపునకు గొట్టము వంగును. దానిని చక్రము వైపు కొనకు వీలైనంత చేరువగా నుంచవలయును. బోల్టుల సంగతియు నంతే. బావిగిలక ఇరుసునకు రెండు ప్రక్కల ఊతముండును. ఒక ప్రక్కనే పట్టు దొరికినచో అది ఎంతకాలము నిలుచును? ఆర్మ్‌ను బిగించు బోల్టును సైతము రెండు రేకుల నడుమ పట్టియుంచవలయును. మరచుట్లున్న కొన వంపుబలమునకు లోనగుట మఱింత అపాయకరము, ఏలయన మరచుట్టులోని ప్రతి గాడియు ఒక పగులునకు పుట్టినిల్లు.

పగులు సంగతి రైళ్లు నేర్పినవి. 1842లో ఫ్రాన్సు దేశమున వెర్సాయి సమీపమున ఇంజను ఇరుసు విఱిగి ఘోర ప్రమాదము జరిగెను. ఇరుసులేల విఱుగునో జర్మనీకి చెందిన ఆగస్ట్ వ్యోలర్ 1850, 1860 దశకములలో శ్రమపడి పరీక్షించెను. ఒక్కసారి వేసినచో లోహము సునాయాసముగా భరించు బలమునే లక్షలసార్లు వేసినచో అది విఱుగునని తేలెను. పగులు పదునైన మూలలవద్ద మొదలగుననియు తెలిసెను. ఇనుపతీగను పలుమాఱులు అటునిటు వంచి విఱిచినవారికి ఈ లోహపు అలసట క్రొత్త కాదు.

కాబట్టి వెల్డింగువద్ద తొందర తగదు. గొట్టము కొనను చేపనోరువలె కోసి, రెండవ గొట్టముపై సందులేకుండ అమర్పవలయును. త్రుప్పును జిడ్డును తుడిచివేయవలయును. వేడికి ఆర్మ్ వంకరపోకుండ బలమైన జిగ్‌లో బిగింపవలయును. ముగిసిన పిదప నీళ్లు పోయక, గాలి విసురు తగులకుండ తనంత చల్లారనీయవలయును. చూపునకు నునుపుగా నుండవలెనని అతుకును గ్రైండరుతో అరగదీయువారు ఉన్న బలమునే చెక్కివేయుచున్నారు. తళతళల కొఱకు క్రోము పూత పూయించుటయు మంచిది కాదు. ఆ పూత వేయునపుడు ఉదజని వాయువు కొన్ని గట్టి ఉక్కులలోనికి చొరబడి వానిని పెళుసు చేయును. పైగా పూతక్రింది పగులు కంటికి కనబడదు.

రోడ్డుపై నడుచు కారును యజమాని తన యిచ్చవచ్చినట్లు మార్చుటకు వీలులేదు. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము ఇందుకు హద్దులు విధించినది.

ఆర్మ్ సిద్ధమైన పిదప అతుకులను శుభ్రపఱచి వానిపై ఎఱ్ఱని పలుచని ద్రవమును పూయుదురు. కొంతసేపటికి దానిని తుడిచి తెల్లని పొడిని చల్లుదురు. వెండ్రుకంత పగులున్నను, అందు దాగిన ద్రవము పైకి వచ్చి తెల్లదనముపై సన్నని ఎఱ్ఱగీత తేలును. పందెము ముగిసిన తరువాత ఆర్మ్‌లను విప్పి ఈ పరీక్షనే మరల చేయుదురు. గీత కనబడిన ఆర్మ్‌ను, ఎవరును పొరపాటున మరల బిగింపకుండ, అప్పటికప్పుడే రంపముతో రెండుగా కోసి పాత ఇనుములో పడవేయుదురు.