తీగకుఁ దగిన సాకెట్టు

సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘము 1970లోనే పని మొదలిడినది. మన పల్లెలకు విద్యుత్తు క్రొత్త కాదు. అయినను, పెద్ద సాకెట్టు బిగించినచో తీగ బలము పెరుగునని తలఁచు రైతుసోదరులు మాకుఁ గొండగట్టు మొదలు సిరిసిల్ల వఱకుఁ గనఁబడుచున్నారు. తూము వెడల్పు చేసినంతనే పిల్లకాలువ పెద్దదగునా? గట్టు తెగును.

230 వోల్టులకడ 6 ఆంపియర్ల సాకెట్టు 1,380 వాట్లు, 16 ఆంపియర్లది 3,680 వాట్లు మోయును. 2,000 వాట్ల నీళ్ల హీటరునకు దాదాపు 9 ఆంపియర్లు కావలెను. దానికిఁ జిన్న సాకెట్టు చాలదు. అట్లని దీపముల సన్నతీగకే పెద్ద సాకెట్టును, పెద్ద ఫ్యూజును తగిలించినచో తీగ కాఁగి, తొడుగు కరఁగి, ఇల్లంటుకొనవచ్చును.

కావున పెద్ద సాకెట్టునకు బోర్డునుండి 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగను, 16 ఆంపియర్ల ఎం.సి.బి.ని, ఎర్తు తీగను వేఱుగా వేయించుకొనుఁడు. ఫ్యూజు మాటిమాటికిఁ బోవుచున్నచో దానిని పెంపక, భారమును తగ్గింపుఁడు.