మన ఇంటి వస్తువులు ఎవరితో మాట్లాడుతున్నాయి?



స్కూల్ బస్సు ఎంత దూరంలో ఉందో ఫోన్‌లో చూసుకుని పిల్లల్ని గేటు దగ్గరికి పంపిస్తున్నారు. ఆఫీసులో కూర్చునే ఇంటి కెమెరా చూసుకుంటున్నారు. ఇలా వస్తువులు నెట్‌వర్క్‌కు కలిసి పనిచేయడాన్నే ‘ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్’ అంటారు. 1999లో కెవిన్ యాష్టన్ అనే బ్రిటిష్ సాంకేతిక నిపుణుడు ఈ పేరు పెట్టారు.

ఎలా పనిచేస్తుంది?

బస్సునే తీసుకుందాం. అందులోని జీపీఎస్ పరికరం ఉపగ్రహాల సంకేతాలను బట్టి తానెక్కడుందో లెక్కగడుతుంది. ఆ వివరాన్ని సిమ్ ద్వారా ఒక సర్వర్‌కు పంపుతుంది. అక్కడి నుంచి అది మీ యాప్‌కు చేరుతుంది. అంటే బస్సుకూ మీ ఫోన్‌కూ మధ్య ఒక కంపెనీ కంప్యూటర్ ఉంది. పిల్లల స్మార్ట్ వాచ్, మాట్లాడే స్పీకర్, వైఫై కెమెరా చాలావరకు ఇదే పద్ధతిలో పనిచేస్తాయి. సౌకర్యం ఈ దారిలోనే వస్తుంది, ప్రమాదమూ ఈ దారిలోనే రావచ్చు.

తాళం వేయని తలుపు

2016లో ‘మిరాయ్’ అనే హానికర ప్రోగ్రామ్ లక్షల కొద్దీ కెమెరాలు, రౌటర్లలోకి చొరబడింది. కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డ్‌లను వరసగా ప్రయత్నించడమే అది చేసిన పని. కొన్నవాళ్లు వాటిని మార్చలేదు. ఆ ఏడాది అక్టోబర్ 21న అలాంటి పరికరాలతోనే డైన్ అనే కంపెనీ సర్వర్లపై దాడి చేశారు. దాంతో అమెరికాలో చాలామందికి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి తెరుచుకోలేదు.

వినే వాచ్‌లు

పిల్లల వస్తువుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 2017 నవంబర్‌లో జర్మనీ, దూరం నుంచి చుట్టుపక్కల మాటలు వినగలిగే పిల్లల వాచ్‌లను నిషేధించింది. కొందరు తల్లిదండ్రులు వాటితో తరగతిలో టీచర్ల మాటలు కూడా వింటున్నారని అక్కడి నియంత్రణ సంస్థ చెప్పింది.

మీ ఆందోళన టీచర్‌గా నాకు అర్థమవుతుంది. కానీ వాచ్ మీ బిడ్డదే అయినా, అందులో వినిపించే గొంతులు క్లాసులో అందరివీ. ఇంట్లో కష్టం గురించి పక్కనున్న పాప ఏడుస్తూ చెప్పుకున్న మాట కూడా అందులో ఉండొచ్చు.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వారి వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. చదవకుండా ‘ఐ అగ్రీ’ నొక్కేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఈ ఆదివారం పిల్లలతో కలిసి చేయండి

1. ఇంట్లో వైఫైకి కలిసిన వస్తువులన్నీ లెక్కపెట్టండి. వాడనివాటిని తీసేయండి.
2. రౌటర్, కెమెరా పాస్‌వర్డ్‌లు మార్చండి. పుట్టినరోజు, ఫోన్ నంబరు పెట్టొద్దు.
3. అప్‌డేట్ వస్తే వాయిదా వేయకండి.
4. వాచ్‌లో లొకేషన్ ఉంచుకుని, దూరం నుంచి వినే సదుపాయం ఉంటే ఆపేయండి.
5. పడకగదిలో కెమెరా పెట్టొద్దు.

చివరగా ఒక మాట. ఆ వాచ్ ఎందుకు కట్టారో, అందులో మీకేం కనిపిస్తుందో పిల్లలకు ముందే చెప్పండి. నమ్మకం కుదిరిన పిల్లలు ఏదైనా ఇబ్బంది వస్తే యాప్ కన్నా ముందే మీ దగ్గరికి వచ్చి చెబుతారు.