పోలీసు ముందు ఒప్పుకుంటే చెల్లదు

170 ఏళ్ల కిందట మద్రాసు ప్రెసిడెన్సీలో బయటపడిన చిత్రహింసల నీడ నేటి సాక్ష్య చట్టంలోనూ కనిపిస్తుంది

సినిమాల్లో ఇన్‌స్పెక్టర్ నాలుగు తగిలించగానే నిందితుడు నిజం కక్కేస్తాడు, కేసు తేలిపోతుంది. కోర్టులో మాత్రం ఆ మాటకు విలువ లేదు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడికి వ్యతిరేకంగా వాడకూడదని, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ చెబుతోంది. అంతకుముందు దాదాపు 152 ఏళ్లపాటు 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పిందీ అదే. విన్నవాడు కానిస్టేబులైనా డీజీపీ అయినా తేడా లేదు.

జీతమిచ్చి తానే పెట్టుకున్న పోలీసును నమ్మనని ప్రభుత్వం చట్టంలో రాసుకోవడం చిన్న విషయం కాదు. ఆ అపనమ్మకం వేళ్లలో ఒకటి తెలుగు జిల్లాలు కూడా కలిసి ఉన్న పాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది.

1816 నిబంధనల తర్వాత అక్కడ పోలీసు పని కలెక్టరు, తహశీల్దారు, గ్రామాధికారుల చేతికి వచ్చింది. శిస్తు వసూలు చేసేవాడే దొంగనూ పట్టుకునేవాడు. శిస్తు కట్టని రైతును దారికి తెచ్చే పద్ధతులే నేరం ఒప్పించడానికీ పనికొచ్చాయి. ఈ సంగతి 1854లో బ్రిటిష్ పార్లమెంటులో చర్చకు రావడంతో మద్రాసు ప్రభుత్వం ముగ్గురు సభ్యులతో కమిషన్ వేసింది. మరుసటి ఏడు వచ్చిన నివేదికను చదవడానికి ఇప్పటికీ గుండె దిటవు కావాలి. ఎండలో గంటల తరబడి నిలబెట్టడం అందులో తేలికపాటిది. ఒక చివర కట్టిన రెండు కర్రల మధ్య వేళ్లు పెట్టి నిమ్మకాయ పిండినట్టు నొక్కే సాధనం పేరు కిట్టి. మనిషిని వంచి, మెడ మీదుగా కాలి వేళ్ల కిందికి తాడు బిగించి అలాగే వదిలేయడం మరో పద్ధతి. వీటిని తెలుగు ప్రాంతాల్లో ఏమని పిలుస్తారో కూడా కమిషన్ రాసుకుంది. పేరు ఉందంటే వాడుక ఉన్నట్టే.

దోషం మాత్రం కింది స్థాయి భారతీయ సిబ్బందిదేనని, తెల్ల అధికారులకు ఇందులో పాత్ర లేదని కమిషన్ తేల్చింది. పాలకులకు అంతకంటే అనుకూలమైన తీర్పు ఉండదు. 1857 తిరుగుబాటు సమయంలో కార్ల్ మార్క్స్ న్యూయార్క్ పత్రికలో ఈ నివేదికనే ముందు పెట్టి, ఇంతటి హింస చేసిన పాలకులు ప్రజల ఆగ్రహాన్ని తప్పుపట్టగలరా అని నిలదీశాడు.

సంస్కరణ త్వరగానే వచ్చింది. 1859లో మద్రాసుకు రెవెన్యూతో సంబంధం లేని ప్రత్యేక పోలీసు దళం ఏర్పడింది. 1861లో దేశవ్యాప్త పోలీసు చట్టం వచ్చింది. దాని నమూనా లండన్ పోలీసు కాదు, ఐర్లాండ్‌ను అదుపులో ఉంచేందుకు పెట్టిన సాయుధ దళం. చార్లెస్ నేపియర్ 1843లో సింధ్‌ను ఆక్రమించాక అక్కడ ఆ నమూనానే ప్రయోగించాడు. చట్టంలో ఒక మెలిక కూడా ఉంది. జిల్లా పోలీసులు జిల్లా మేజిస్ట్రేటు అదుపాజ్ఞలలో పనిచేయాలి. ఆ మేజిస్ట్రేటు మరెవరో కాదు, కలెక్టరే.

అదే 1861లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, పోలీసు ముందు ఒప్పుకోలు సాక్ష్యం కాదంది. అంటే ఒకే ఏడాది పోలీసుకు లాఠీ ఇచ్చారు, అతని మాటను కొట్టేశారు. 1872లో జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ ఆ నియమాన్ని సాక్ష్య చట్టంలో చేర్చాడు. దాని పక్కనే 27వ సెక్షన్‌గా ఒక కిటికీ తెరిచి ఉంచారు. నిందితుడు చెప్పిన సమాచారం వల్ల ఏదైనా వాస్తవం బయటపడితే, ఆ మేరకు అతని మాట చెల్లుతుంది. కత్తి ఎక్కడ దాచాడో చెప్పి చూపిస్తే ఆ ముక్క సాక్ష్యమే.

కిటికీ ఎంత వెడల్పు అన్నది తేల్చింది గుంటూరు జిల్లా కేసు. పులుకూరి కోటయ్య పేరుతో 1947 లా రిపోర్టుల్లో అచ్చయిన ఆ తీర్పును దేశంలో లా చదివే ప్రతి విద్యార్థీ చదువుతాడు. ముఠా తగాదాలో జరిగిన హత్య అది. ఒక నిందితుడు దాడి ఎలా జరిగిందీ చెప్పి, ఆయుధాన్ని ఊళ్లో వామిలో దాచానని, వస్తే చూపిస్తానని అన్నాడు. దాచాననడం, చూపిస్తాననడం వరకే చెల్లుతాయని ప్రివీ కౌన్సిల్ అంది. మొత్తం మాటలను అనుమతిస్తే ఇక నిషేధం దేనికి, దొరికిన వస్తువు చుట్టూ కావలసిన మాటలు పలికించడం పోలీసుల ‘ఒప్పించే నేర్పు’కు పెద్ద పనేం కాదని న్యాయమూర్తులు చురక వేశారు.

తీర్పు సరైనదే. ఆచరణలో జరిగింది వేరు. మాట చెల్లదు, వస్తువు చెల్లుతుంది కాబట్టి దర్యాప్తు బరువంతా ‘రికవరీ’ మీద పడింది. రికవరీ పంచనామాకు ఇద్దరు మధ్యవర్తులు కావాలి. మన జిల్లాల్లో ఆ సంతకాలు పెట్టేది తరచూ గ్రామ రెవెన్యూ ఉద్యోగులే. 1855లో విడదీయమన్న రెండు శాఖలూ ఆ కాగితం మీద మళ్లీ కలుస్తాయి! విచారణలో వాళ్లు అడ్డం తిరిగితే కేసు నీరుగారిపోతుంది.

నియమానికే గండి కొట్టిన చట్టాలూ ఉన్నాయి. 1987 టాడా ఎస్పీ స్థాయి అధికారి ముందు ఒప్పుకోలును సాక్ష్యం చేసింది. సుప్రీంకోర్టు 1994లో కర్తార్ సింగ్ కేసులో దాన్ని సమర్థించింది, ఇద్దరు న్యాయమూర్తులు మాత్రం విభేదించారు. టాడా 1995లో గడువు తీరి పోయింది. 2002లో వచ్చిన పోటా 2004లో రద్దయింది. 1999 నాటి మహారాష్ట్ర మోకాలో మాత్రం ఈ మినహాయింపు ఇంకా ఉంది. సాధారణ నేరాలకూ దీన్ని వర్తింపజేయాలని, ఆడియో లేదా వీడియో రికార్డింగు ఉంటే చాలని 2003లో మలిమత్ కమిటీ సూచించింది. 2023లో చట్టాలన్నీ తిరగరాసినప్పుడు పార్లమెంటు ఆ జోలికి పోలేదు. పాత 25, 26, 27 సెక్షన్లను 23వ సెక్షన్ కిందికి తెచ్చి సర్దేసింది.

నిషేధం కొనసాగినా, కొట్టినవాడికి శిక్ష విషయం అక్కడే ఆగింది. ఐక్యరాజ్యసమితి చిత్రహింసల నిరోధక ఒప్పందంపై భారత్ 1997లో సంతకం చేసింది కానీ ధ్రువీకరించలేదు. ఆ దిశగా తెచ్చిన బిల్లును 2010లో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ సెలక్ట్ కమిటీకి పంపింది. చివరికి ఆ బిల్లు మురిగిపోయింది.