పిలిచిన ప్రోగ్రాము చెప్పు బదులు

కాకినాడ జిల్లాలో, పంపానదీ తీరమున, రత్నగిరి చెంత అన్నవరము కలదు. ఆ యూరి పేరున్న పాతపుస్తకపు పుటలను ఫొటోలుగా తీసి కంప్యూటరులో నుంచితిమనుకొనుడు. మనకవి అక్షరములు; యంత్రమునకు వట్టి బొమ్మలు.

బొమ్మలోని అక్షరములను గుర్తించుటకు టెసరాక్ట్ అను ప్రోగ్రాము కలదు. పైథాన్ భాషలో వ్రాసిన చిన్న స్క్రిప్టు ఒక్కొక్క పుటకు దానిని పిలిచి పని చేయించుకొనును. ఇందులకై 2004లో వెలువడిన పైథాన్ 2.4లో సబ్‌ప్రాసెస్ అను ఉపకరణమును చేర్చిరి.

పిలువబడిన ప్రోగ్రాము ఫలితమును ఒక మార్గమున, దోషవార్తను వేరొక మార్గమున పంపును. పని ముగియగానే ఒక అంకెను కూడ తెలుపును. సున్న వచ్చినచో పని నెరవేరినట్లు! పరీక్షలో సున్న తెచ్చుకొన్న బాలునికిది వింతగా తోచును. ఆ అంకెను చూడని స్క్రిప్టు, చదువుట కుదరని పుటను విడిచి ముందుకు సాగిపోవును. నూరు పుటలలో ఏది జారినదో ఎవ్వరికిని తెలియదు. పిలుచునపుడే 'చెక్' అను షరతు పెట్టినచో, సున్న కాని అంకె రాగానే స్క్రిప్టు నిలిచిపోవును.

ఫలితము బైట్ల వరుసగా వచ్చును. 'అన్నవరం' కంటికి 4 అక్షరములే. పొల్లును, పూర్ణబిందువును విడదీసి, నకారమును రెండుమార్లు లెక్కించినచో 7 సంకేతములు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతమునకు 3 బైట్ల వంతున 21 బైట్లు. ఆ పద్ధతి పేరును స్క్రిప్టునకు చెప్పనిచో, కొన్ని కంప్యూటర్లలో అన్నవరమునకు మారుగా అర్థములేని గుర్తులు కానవచ్చును.