గినీపిగ్ బోనులో ఏం పరచాలి? ఎందుకు?

గినీపిగ్‌ పాదాలను ఎప్పుడైనా గమనించారా? ముందు కాళ్లకు 4 వేళ్లు, వెనక కాళ్లకు 3. అరికాళ్ల మీద మాత్రం బొచ్చు ఉండదు. అందుకే ఇనుప జాలీ మీదో, తడి నేల మీదో ఎక్కువసేపు ఉంటే అవి ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి.

మరేం పరచాలి?

కాగితపు గుజ్జుతో చేసిన పొట్టు మంచిది. తడిని ఇట్టే పీల్చుకుంటుంది, దుమ్ము తక్కువ. 5 సెంటీమీటర్ల మందాన పరిస్తే చాలు. ఉతికి వాడుకునే ఫ్లీస్ గుడ్డ వేసినా సరే, దాని కింద తడి పీల్చే మరో గుడ్డ ఉండాలి.

రంపపు పొట్టు చవకే కదా? చవకే! కానీ ఆ సన్నటి పొడి ముక్కులోకి, కళ్లలోకి పోతుంది. దేవదారు పొట్టయితే ఇంకా ముప్పు. మనకు కమ్మగా తోచే దాని వాసన చెక్కలోంచి ఆవిరయ్యే నూనెలది. అవి గినీపిగ్ ఊపిరితిత్తులకు, కాలేయానికి హాని చేస్తాయి.

మూత్రంలోని యూరియాను బ్యాక్టీరియా విడగొడితే ఘాటైన అమోనియా పుడుతుంది. గినీపిగ్ ముక్కేమో నేలకు జానెడు ఎత్తులో కూడా ఉండదు! కాబట్టి తడిసిన పొట్టును రోజూ తీసేయాలి, వారానికోసారి మొత్తం మార్చాలి.

పైన గుప్పెళ్లకొద్దీ ఎండుగడ్డి వేస్తే అందులో దూరి దాక్కుంటుంది. ఆకలేస్తే ఆ గడ్డినే కరకరా నమిలేస్తుంది.