గ్వాంగ్‌జౌలో వారం.. ఖర్చు తక్కువే, చిక్కంతా ల్యాప్‌టాప్‌తోనే

హంసలదీవి (కోడూరు): కృష్ణా నది సాగరంలో కలిసే ఈ కొసన కూర్చుని హైదరాబాదులోని సంస్థకు పనిచేయడం ఇప్పుడు వింతేమీ కాదు. 2020 నాటి లాక్‌డౌన్‌తో మొదలైన ‘ఇంటి నుంచే పని’ దివిసీమ, బందరు, గుడివాడ ప్రాంతాల సాఫ్ట్‌వేరు ఉద్యోగుల్లో కొందరికి నేటికీ కొనసాగుతోంది. ఇంటి అరుగు మీద చేసే పనిని వేసవిలో ఓ వారం పరాయి దేశంలో కూర్చుని చేస్తే తప్పేమిటన్న ఆలోచన వారికి కలగడం సహజం. సింగపూర్, బ్యాంకాక్‌లతో పాటు చైనా నగరాల పేర్లు కూడా వినిపించడానికి ఇప్పుడో కారణం ఉంది. 2020 ఆరంభంలో ఆగిపోయిన భారత్-చైనా నేరు విమానాలు 2025 అక్టోబరు 26న తిరిగి మొదలయ్యాయి. ఆ రాత్రి ఇండిగో విమానం కోల్‌కతాలో బయలుదేరి దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌలో దిగింది. పాత పుస్తకాల్లో కాంటన్‌గా కనిపించే నగరం ఇదే.

డెల్టా వాసులకు ఈ దారి కలిసివచ్చేదే. దివిసీమ వారు కరకట్ట మీదుగా, బందరు, గుడివాడల వారు రైలులోనో బస్సులోనో విజయవాడ చేరితే, అక్కడి నుంచి కోల్‌కతాకు కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఉంది. మధ్యాహ్నం ఎక్కితే మర్నాడు దిగవచ్చు. ఢిల్లీకో ముంబయికో వెళ్లి విమానం అందుకోవడం కన్నా ఇది చవక. అయితే ఈ యాత్రను రైలు టిక్కెట్టుతోనో, గది అద్దెతోనో లెక్కించడం మొదలుపెడితే పొరపాటే. తేల్చుకోవలసిన మొదటి సంగతి ల్యాప్‌టాప్. దాన్ని వెంట తీసుకెళ్లవచ్చా, అక్కడ తెరవవచ్చా అన్నది తెలియకుండా టిక్కెట్టు కొన్నవారు ఉద్యోగానికే ముప్పు తెచ్చుకునే ప్రమాదం ఉంది.

పర్యాటక వీసాపై పని?

భారతీయులకు చైనా ప్రధాన భూభాగంలో అడుగుపెట్టాలంటే వీసా తప్పదు. పలు దేశాల వారికి 240 గంటల పాటు వీసా లేకుండా ఆగి వెళ్లే వెసులుబాటును చైనా కల్పించినా, ఆ జాబితాలో భారత్ లేదు. అంతర్జాలంలో చూసే విదేశీయుల యాత్రా వీడియోలను నమ్మి ఇక్కడ బోల్తాపడే వీలుంది. పర్యాటక వీసా దరఖాస్తుకు రానుపోను టిక్కెట్లు, బస వివరాలు, బ్యాంకు ఖాతా వివరాలు జతచేయాలి. ఉద్యోగులు తాము పనిచేసే సంస్థ నుంచి లేఖ తీసుకుని జతచేయడం ఆనవాయితీ. పేచీ మొదలయ్యేది ఈ లేఖ దగ్గరే. సెలవుపై విహారానికి వెళుతున్నట్లు లేఖలో రాయించుకుని, అక్కడ రోజూ ఎనిమిది గంటలు పని చేస్తే చెప్పింది ఒకటి, చేసింది మరొకటి అవుతుంది.

చైనా చట్టం ఏమంటోంది? 2013 జులై 1 నుంచి అమలులో ఉన్న విదేశీయుల రాకపోకల చట్టం ప్రకారం, ఆ దేశంలో పనిచేసే విదేశీయులకు పని అనుమతి, అందుకు తగిన నివాస అనుమతి ఉండాలి. అవి లేకుండా పనిచేస్తే 5 వేల నుంచి 20 వేల యువాన్ల వరకు జరిమానా విధిస్తారు. తీవ్రమైన సందర్భాల్లో 5 నుంచి 15 రోజుల నిర్బంధం కూడా ఉంటుంది. స్వదేశంలోని సంస్థకు హోటలు గదిలో నుంచి చేసే పని గురించి చట్టం విడిగా ఏమీ చెప్పలేదు. కొన్ని దేశాలు ఇలాంటి ఉద్యోగుల కోసమే ప్రత్యేక వీసాలు ఇస్తున్నాయి గాని చైనాలో అటువంటిది లేదు. చట్టం చెప్పలేదు కాబట్టి అనుమతించినట్లేనని అనుకోవడం తెలివైన లెక్క కాదు.

అసలు కష్టం అక్కడి పోలీసులతో కన్నా ఇక్కడి యాజమాన్యంతోనే రావచ్చు. ఖాతాదారుల సమాచారంతో పనిచేసే సంస్థలు ఏ దేశం నుంచి లాగిన్ అవుతున్నారో నిత్యం గమనిస్తుంటాయి. చైనాకు సంస్థ ల్యాప్‌టాప్ తీసుకెళ్లరాదని నిబంధన పెట్టుకున్నవీ ఉన్నాయి. ‘ఎక్కడి నుంచైనా పని’ అన్న మాటకు చాలా సంస్థల్లో దేశంలో ఎక్కడి నుంచైనా అనే అర్థం. మేనేజరు నోటిమాటగా సరేనంటే సరిపోదు. మానవ వనరుల విభాగం, సమాచార భద్రతా విభాగం రెండింటి నుంచీ దేశం పేరు, తేదీలు స్పష్టంగా ఉన్న రాతపూర్వక అనుమతి చేతికి రావాలి. అది రాకుంటే సెలవు పెట్టి, ల్యాప్‌టాప్ ఇంట్లోనే ఉంచి వెళ్లడం ఒక్కటే దారి. వారం జీతం కన్నా కొలువు విలువ ఎక్కువ.

గూగుల్ ఉండదు, వాట్సాప్ పలకదు

చైనాలో గూగుల్, జీమెయిల్, వాట్సాప్, యూట్యూబ్, ఫేస్‌బుక్‌లను అడ్డుకుంటారు. హోటలులో వైఫై ఎంత వేగంగా ఉన్నా ఇవి తెరుచుకోవు. కార్యాలయ వ్యవహారమంతా గూగుల్ సేవలపై నడిచే సంస్థ ఉద్యోగికి ఆ వైఫై దండగే. భారత సిమ్‌తో రోమింగ్‌లో ఉన్న ఫోనుకు మాత్రం ఇవి అందుతాయి. రోమింగ్ సమాచారం స్వదేశపు నెట్‌వర్క్ మీదుగా ప్రయాణించడమే ఇందుకు కారణం. అందువల్ల బయలుదేరే ముందే వారానికి సరిపడా రోమింగ్ ప్యాకు వేయించుకోవాలి. ఇక్కడో హెచ్చరిక. రోమింగ్‌లో లాగిన్ అయితే స్వదేశంలో ఉన్నట్లే కనిపిస్తుందని ధైర్యం చేసి, సంస్థకు చెప్పకుండా పనికి కూర్చునేవారు ఉంటారు. పాస్‌పోర్టుపై ముద్ర ఎలాగూ పడుతుంది. విచారణ అంటూ జరిగితే దాచిన సంగతే పెద్ద తప్పుగా నిలుస్తుంది.

అడ్డంకులను దాటించే వీపీఎన్‌ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ప్రభుత్వ ఆమోదం లేని వీపీఎన్ వాడకం అక్కడ చట్టవిరుద్ధం. వ్యక్తులకు జరిమానాలు పడిన సందర్భాలు ఉన్నాయి. సంస్థ తన ఉద్యోగులకు ఇచ్చే వీపీఎన్ చైనా నుంచి పనిచేస్తుందా లేదా అన్నది కూడా ముందే అడిగి తెలుసుకోవాలి.

చెల్లింపులదీ వేరే లోకం. మన యూపీఐ అక్కడ చెల్లదు. కూరగాయల బండి వద్ద కూడా అలీపే, వీచాట్ పే సంకేతాలే కనిపిస్తాయి. వీసా, మాస్టర్‌కార్డు వంటి అంతర్జాతీయ కార్డులను వీటికి జతచేసుకునే వీలును 2023లో విస్తరించారు. ఒక్కో చెల్లింపు 200 యువాన్ల లోపు ఉంటే అదనపు రుసుము ఉండదు. దాటితే 3 శాతం పడుతుంది. వీచాట్‌ను 2020 జూన్‌లో భారత ప్రభుత్వం నిషేధించిన సంగతి తెలిసిందే. యాప్ సిద్ధమై కార్డు జతపడే దాకా తొలి రోజు గడవడానికి కొంత యువాన్ నగదు దగ్గర ఉంచుకోవాలి.

రెండున్నర గంటల లాభం

అనుమతి చేతికొచ్చినవారికి ఈ నగరం ఓ వరం ఇస్తుంది. చైనా అంతటా ఒకే సమయం. అది మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ ఉదయం 10 గంటలకు మొదలయ్యే పని అక్కడ మధ్యాహ్నం 12.30కు మొదలవుతుంది, సాయంత్రం 7కు ముగిసేది అక్కడ రాత్రి 9.30కు ముగుస్తుంది. ఉదయం 7 నుంచి 12 దాకా ఐదు గంటలు రోజూ చేతిలో ఉంటాయి. రాత్రి పదికి పలహారానికి బయలుదేరే అలవాటు గ్వాంగ్‌జౌ వారికే ఉంది కనుక భోజనానికీ లోటుండదు. అమెరికా వేళల్లో పనిచేసేవారికి మాత్రం ఇది పనికిరాదు. ఇక్కడ సాయంత్రం 6.30కు మొదలయ్యే పని అక్కడ రాత్రి 9 నుంచి తెల్లవారి 6 వరకు సాగుతుంది. పగలంతా నిద్రపోవడానికి అంత దూరం వెళ్లనక్కరలేదు.

ఏ వారం ఎంచుకోవాలన్నది ఖర్చును నిర్ణయిస్తుంది. గ్వాంగ్‌జౌలో 1957 నుంచి జరుగుతున్న కాంటన్ ఫెయిర్ వసంతకాలపు విడత ఏటా ఏప్రిల్ 15 నుంచి మే 5 వరకు ఉంటుంది. ప్రపంచం నలుమూలల వర్తకులు దిగడంతో హోటలు ధరలు అమాంతం పెరుగుతాయి. మే డే సెలవులూ ఇందులోనే వస్తాయి. జులై, ఆగస్టు నెలల్లో అక్కడి బడులకు సెలవులు కాబట్టి రద్దీ, దానికి తోడు తుపానుల కాలం. ఇక మిగిలేది మే మూడో వారం నుంచి జూన్ మొదటి వారం వరకు, అంటే ఇక్కడ రోహిణీ కార్తె మాడ్చే రోజులు. ఆ సమయంలో గ్వాంగ్‌జౌలో మన పక్క వడగాడ్పులు ఉండవు గాని వానలు గట్టిగా పడతాయి, ఉక్కపోతా ఉంటుంది. ముత్యాల నది డెల్టాలో ఉన్న ఊరు కదా, బందరు వాసికి ఆ గాలి కొత్తగా అనిపించదు. చల్లదనమే ముఖ్యమనుకునేవారు సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తున ఉన్న కున్మింగ్‌ను చూసుకోవడం మేలు.

హాస్టళ్లలో మంచం చవకగా దొరుకుతుంది గాని, ఫోనులో సమావేశాలు జరుపుకోవలసినవారికి పదిమంది ఉండే గది కుదరదు. మెట్రో స్టేషనుకు దగ్గరలో సాధారణ హోటలు గది రోజుకు 200 యువాన్ల ప్రాంతంలో వస్తుంది. ఇద్దరు మిత్రులు కలిసి వెళితే ఇందులో సగం తగ్గుతుంది. ఆరు రాత్రుల అద్దె 1,200 యువాన్లు. భోజనం రోజుకు 80 చొప్పున 560, మెట్రో, పడవలకు 15 చొప్పున 105, ప్రవేశ రుసుములకు 100, ఫోను తదితరాలకు 250. మొత్తం 2,215 యువాన్లు. యువానుకు రూ.13 చొప్పున కడితే రూ.29 వేల లోపే. రైలు, విమాన చార్జీలు, వీసా, రోమింగ్, బీమా వేరు. విమాన చార్జీ రోజురోజుకూ మారేది గనుక, వీసా వచ్చే అవకాశాన్ని చూసుకుని ముందుగా కొనడమే పొదుపు. హోటలులో దిగితే పోలీసు నమోదు వారే చూస్తారు. పరిచయస్తుల ఇంట్లో దిగితే 24 గంటల్లోగా సమీప పోలీసు స్టేషనులో నమోదు చేయించుకోవాలి. అద్దె మిగిలిందన్న సంతోషంలో దీన్ని మరవకూడదు.

తిండికి డెల్టా వారికి బెంగ అక్కరలేదు. అక్కడా అన్నం, చేపలు, రొయ్యలే. శాకాహారులకే ఇబ్బంది, బౌద్ధ ఆలయాల పరిసరాల్లోని శాకాహార భోజనశాలలు వారికి దిక్కు. దివిసీమ నుంచి ఎండు రొయ్యలు, ఎండు చేపలు మూట కట్టుకెళ్లాలనుకుంటే మానుకోవాలి. జలచరాల ఉత్పత్తులు, పాల పదార్థాలు, తాజా పండ్లు ప్రయాణికులు వెంట తేవడాన్ని చైనా కస్టమ్స్ నిషేధించింది. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లలో దూరదు. అడాప్టరు మరిస్తే ల్యాప్‌టాప్ ఉన్నా లేనట్లే.

ఉదయాలు ఎలా గడపాలన్నదానికి మెట్రోయే సమాధానం. కనీస చార్జీ 2 యువాన్లు. నది దాటించే పడవకూ అంతే. 1894లో పూర్తయిన చెన్ వంశస్థుల మందిరం చెక్కడపు పనికి పెట్టింది పేరు. యువెషియు ఉద్యానంలో ప్రవేశం ఉచితం. షామియాన్ దీవిలో బ్రిటిష్, ఫ్రెంచి వారు కట్టుకున్న భవనాలు చూస్తే బందరు కోట గుర్తుకు రాకమానదు. 1611లో ఇంగ్లీషు వర్తకులు మచిలీపట్నంలో స్థావరం పెట్టారు. 1757 నుంచి 1842 వరకు పాశ్చాత్యుల వ్యాపారానికి చైనా తెరిచి ఉంచిన రేవు కాంటన్ ఒక్కటే. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు దక్షిణ భారతం నుంచి సముద్రంపై వచ్చిన బోధిధర్ముడు తొలుత కాలుమోపింది ఇక్కడేనని హువాలిన్ ఆలయ సంప్రదాయం చెబుతుంది. ఘంటసాల బౌద్ధ స్తూపం పక్కన పెరిగినవారు ఆ ఆలయానికి ఓ ఉదయం కేటాయించవచ్చు.

ఆన్‌లైన్‌లో ముందుగా నింపే ఆగమన పత్రాన్ని చైనా 2025 నవంబరు 20 నుంచి అందుబాటులోకి తెచ్చింది. దిగాక వరుసలో నిలబడి రాసే పని తప్పుతుంది. సర్వీసు మొదలైనప్పటి వేళల ప్రకారం కోల్‌కతాలో రాత్రి 10 ప్రాంతంలో ఎక్కితే తెల్లవారుజామున 4 గంటల ప్రాంతంలో గ్వాంగ్‌జౌలో దిగుతారు. మెట్రో కదలడానికి ఇంకా రెండు గంటలు పడుతుంది కాబట్టి ఆ రాత్రికి గది తీసుకోవడం దండగ. తిరుగు విమానం తెల్లవారి 6 లోపే కనుక చివరి రాత్రికీ గది అక్కరలేదు. రాత్రి ఆఖరి మెట్రోకే విమానాశ్రయం చేరుకోవాలి. ఉదయం 7 ప్రాంతంలో కోల్‌కతాలో దిగితే మధ్యాహ్నం శాలిమార్‌లో కోరమండల్ దొరుకుతుంది, మర్నాడు పొద్దుటికి విజయవాడ. శనివారం రాత్రి విమానం ఎక్కదలచినవారు శుక్రవారం మధ్యాహ్నమే రైలెక్కాలి. తిరిగి వచ్చేసరికి సోమవారం ఉదయం అవుతుంది. ఆ రెండు రోజులకూ సెలవు చీటీ ముందే ఇవ్వాలి.